పూత చూసి మురిసేవాళ్ళు

మా నూజివీడులో మామిడి పూత చూసి మురిసిపోయేది పిల్లలు. "కాయ గంపలో పడ్డాక చూద్దాంలే" అనేది పెద్దలు. క్రికెట్ దగ్గరా మా ఇంట్లో ఇదే వరస.

మా మామగారిది పెద్దల పక్షం. ఆయన తప్పేం లేదు లెండి. 1932 జూన్ 25న లార్డ్స్‌లో మన తెలుగువాడు సి.కె. నాయుడు నాయకత్వాన తొలి టెస్టు మొదలుపెట్టిన భారత జట్టు, మొదటి గెలుపు కోసం 1952 దాకా ఆగింది. 1974లో అదే లార్డ్స్‌లో 42 పరుగులకే అందరూ అవుటైతే, మామగారు ఆ పూట అన్నం ముట్టలేదు.

మళ్ళీ లార్డ్స్, మళ్ళీ జూన్ 25, సంవత్సరం 1983. మనవాళ్ళు 183కే చాప చుట్టేశారు. "ఇంకేముంది!" అంటూ మామగారు రేడియో కట్టేసి పడుకున్నారు. మావారు దాన్ని పెరట్లోకి పట్టుకుపోయి చెవికి ఆనించుకు కూచున్నారు. అర్ధరాత్రి వేళకి వెస్టిండీస్ 140కి కూలింది. లేపి చెబితే మామగారు నమ్మితేనా!

ఇప్పుడు మావారే మామగారయ్యారు. 2017లో లార్డ్స్‌లోనే మన అమ్మాయిలు 9 పరుగుల తేడాతో ప్రపంచ కప్పు ఫైనల్ పోగొట్టుకుంటే, "ఇక అంతే" అనేశారు. అప్పటికి ఎనిమిదేళ్ళ మనవరాలు మాత్రం ఒప్పుకోలేదు. 2025 నవంబరు 2న హర్మన్‌ప్రీత్ జట్టు ఆ కప్పు గెలిచింది. అందులో మన కడప జిల్లా పిల్ల శ్రీచరణి కూడా! మావారు కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను.

నిరాశ అంటే, గాలివానలు ఎక్కువ చూసిన ఆశేనేమో! కాదంటారా? మరి మా మామగారు ఏటేటా అందరికంటే ముందు తోటకెళ్ళి పూత ఎందుకు చూసుకునేవారు?