చేలో గునుగు, పెరటిలో కోడిజుట్టు

నెల్లూరు జిల్లా పడమటి భాగమున, ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతములలో మెట్ట భూములు విస్తారముగా గలవు. అనంతసాగరం మండలమున పెన్నపై సోమశిల జలాశయము వెలసినది. అయినను కాలువ నీరందని చేలకు నేటికిని వానయే ఆధారము. అట్టి చేలలో వానలు పడగానే, ఎవరును విత్తకుండగనే పైరుతోపాటు మొలచు మొక్కలలో గునుగు ఒకటి. కొన్నిచోట్ల దీనిని గురుగు అనియు అందురు. ఇది ఏకవార్షికము, అనగా మొలచుట, పూయుట, గింజ రాల్చి ఎండిపోవుట అన్నియు ఒక్క ఏటిలోనే ముగియును. కొసన గులాబి ఛాయ, క్రింద వెండి తెలుపు గల దీని కంకి అందరెరిగినదే.

రైతుకు గునుగు కలుపుమొక్క. పెరటిలో పెంచు ఎర్రని కోడిజుట్టు పువ్వు దీనికి దగ్గరి చుట్టమని చెప్పినచో చాలమంది నమ్మరు. ఒకటి సన్నని కంకి. మరియొకటి మడతలు పడిన మఖమల్ గుడ్డ వంటిది. శాస్త్రజ్ఞులు సైతము ఈ రూపభేదమును చూచి మొదట రెండింటిని వేరుచేసిరి. స్వీడన్ దేశపు లిన్నేయస్ క్రీ.శ. 1753లో ప్రకటించిన గ్రంథమున గునుగును సెలోషియా అర్జెంటియా అనియు, కోడిజుట్టును సెలోషియా క్రిస్టాటా అనియు రెండు జాతులుగా పేర్కొనెను. మండుట అను అర్థము గల గ్రీకు మాటనుండి సెలోషియా అను పేరు వచ్చినది. అర్జెంటియా అనగా వెండి వంటిది. క్రిస్టాటా అనగా జుట్టు గలది. 1891లో జర్మను శాస్త్రజ్ఞుడు కుంట్జె కోడిజుట్టును గునుగు జాతిలోని ఒక రకముగా మార్చెను.

మరి ఈ జుట్టు ఎట్లు వచ్చినది? సాధారణముగా కాండము కొనయందు, క్రొత్త కణములను పుట్టించు భాగము ఒక చుక్కవలె ఉండును. కోడిజుట్టులో ఆ చుక్క సాగి గీతవలె మారును. గీత పొడవునా పెరుగుదల సాగుటచే కంకి వెడల్పగును. అంచున చోటు చాలక మడతలు పడును. ఇట్టి మార్పు ఎన్నో మొక్కలలో అప్పుడప్పుడు కనిపించి మరుసటి తరమునకు మాయమగును. కోడిజుట్టులో మాత్రము ఇది వంశపారంపర్యముగా వచ్చుచున్నది. ఎన్నడో పేరు తెలియని తోటమాలులు వింతగా తోచిన మొక్కను పీకివేయక, దాని గింజ దాచి, మరల విత్తి, వాటిలో మేలైన దానిని మరల ఏరుకొనిరి. ఆ ఎంపిక ఫలితమే నేటి పువ్వు.

వంశమూలమును తేల్చుటకు క్రోమోసోముల లెక్క తోడ్పడినది. పొలములలో విస్తారముగా పెరుగు గునుగు కణములలో 72 క్రోమోసోములుండగా, తోటలోని కోడిజుట్టులో 36 మాత్రమే గలవు. కనుక రెండవది మొదటిదాని నుండి నేరుగా పుట్టినదని చెప్పుట కష్టము. అయితే మన దేశమున కొన్నిచోట్ల 36 క్రోమోసోములు గల అడవి గునుగు కూడ కలదు. లక్నోలోని జాతీయ వృక్షోద్యానమున పనిచేసిన ఖోషూ, పాల్ అను శాస్త్రజ్ఞులు ఈ సంబంధములను పరిశీలించి 1973లో వ్యాసము ప్రకటించిరి. కోడిజుట్టునకు అట్టి 36 క్రోమోసోముల అడవి గునుగే మూలమై యుండునని వారి అభిప్రాయము.

ఈ చరిత్ర తోట పెంచువారికి పనికివచ్చును. కోడిజుట్టు గింజలు చిన్నవి, నల్లనివి, మెరియునవి. నీరు నిలువని మడిలో పలుచగా చల్లి, పైన కొద్దిగా మన్ను కప్పినచో వెచ్చని నేలలో వారము పదిరోజులలో మొలచును. నారును లేతగా ఉన్నప్పుడే అడుగు దూరమున నాటవలెను. ముదిరిన పిదప నాటినచో మొక్క ఎదగకయే చిన్న జుట్టు తొడుగును. ఎండ బాగుగా తగులవలెను. విత్తనము కొరకు అన్నిటికంటె మంచి జుట్టు గల మొక్కను ముందుగనే గుర్తుంచుకొనవలెను. గింజలు జుట్టు దిగువ భాగమున ఉండును. ఈకలవంటి కంకి గల తోట రకము ప్రక్కన ఉన్నచో రెండును సంకరమై రూపము చెడును. కావున వాటిని దూరముగా పెంచుట మంచిది.

ఇక చేలోని గునుగు మాటేమి? దాని లేత ఆకును కూరగా వండుదురు. నైజీరియాలో దీనినే ఆకుకూరగా సాగుచేయుదురు. దీని పూరేకులు కాగితమువలె పొడిగా ఉండుటచే కోసినను త్వరగా వాడవు. తెలంగాణమున బతుకమ్మ పేర్పునకు ఈ పువ్వు ముఖ్యమగుటకు ఈ గుణము తగినదే. ఆ పండుగ 2014లో రాష్ట్ర పండుగ అయినది. జొన్న వేళ్లపై బ్రతుకు పరాన్నజీవి మొక్క గింజలను గునుగు వేళ్లు ముందుగా మొలిపించి, ఆధారము దొరకక నశింపజేయునని ఆఫ్రికాలో జరిగిన పరిశోధనలు తెలుపుచున్నవి.

అయినను గునుగు పైరు తిండిని పంచుకొనును. ఒక్క మొక్క వేల గింజలు రాల్చును. కావున రైతు దానిని తీయక తప్పదు. చేతితో కలుపు తీసిన కాలమున గట్లపై కొన్ని మొక్కలు మిగిలి, కూరకును, పూలకును అక్కరకు వచ్చెడివి. కలుపుమందులు గట్టువరకు చల్లినచో ఆ కొన్నియు మిగులవు. తోట పువ్వు మరల క్రొత్త గుణములు పొందవలెనన్నను, రోగములను తట్టుకొనవలెనన్నను దాని అడవి చుట్టములే ఆధారము. పైరులో గునుగును గింజ కట్టకముందే తీసివేసి, గట్టున ఒక మూల నాలుగు మొక్కలను ఉంచుటవలన రైతునకు నష్టము స్వల్పము. కోడిజుట్టు వంటి పువ్వు మరియొకటి ఏ మొక్కలో దాగియున్నదో ముందుగా ఎవరును చెప్పలేరు.