శరణార్థి శిబిరాలు – స్థానిక బాలల విద్య: ఉఖియా, టెక్నాఫ్‌ల అనుభవం

ఉపోద్ఘాతం

శరణార్థి బాలల విద్యపై జరిగిన చర్చలో శిబిరం చుట్టూ ఉన్న గ్రామాల పిల్లల చదువుకు దక్కిన చోటు తక్కువ. ఇరువర్గాల పిల్లలకూ వేర్వేరు బడులుంటే స్థానిక విద్యకు నష్టం ఉండదన్న భావన సరికాదని బంగ్లాదేశ్‌లోని కాక్స్ బజార్ జిల్లా చరిత్ర నిరూపిస్తున్నది.

చారిత్రక నేపథ్యం

మయన్మార్‌లోని రఖైన్ ప్రాంతం నుండి రోహింగ్యాలు 1978లోను, 1991-92లోను పెద్ద సంఖ్యలో తరలివచ్చారు. 2017 ఆగస్టు 25 తర్వాత కొద్ది నెలల్లోనే 7 లక్షలకు పైగా శరణార్థులు ఉఖియా, టెక్నాఫ్ ఉపజిల్లాలకు చేరారు. 2011 జనగణన ప్రకారం ఈ రెండు ఉపజిల్లాల మొత్తం జనాభా సుమారు 4.7 లక్షలు మాత్రమే.

స్థానిక విద్యపై ప్రభావం

లెబనాన్‌లో సిరియా బాలల కోసం ప్రభుత్వ పాఠశాలలు రెండో పూట కూడా నడిచాయి. అక్కడ భారం నేరుగా బడిపైనే పడింది. బంగ్లాదేశ్ ప్రభుత్వం రోహింగ్యా బాలలకు స్థానిక పాఠశాలల్లో ప్రవేశం నిరాకరించింది. వారి కోసం శిబిరాల్లో అభ్యసన కేంద్రాలు ఏర్పడ్డాయి. అయినా భారం ఇతర మార్గాల్లో వచ్చింది. తొలి నెలల్లో కొన్ని విద్యాసంస్థల భవనాలను సైన్యం, సహాయక సిబ్బంది వాడుకున్నారు. సహాయ సామగ్రి లారీలతో రహదారి కిక్కిరిసి, పిల్లలు బడికి వెళ్ళడం ప్రమాదకరమైంది.

వీటికంటె లోతైనది ఉపాధిరంగంలో వచ్చిన మార్పు. రోహింగ్యా భాషకు చిట్టగాంగ్ మాండలికం సన్నిహితం కావడంతో, చదువుకున్న స్థానికులు సహాయ సంస్థలకు అవసరమయ్యారు. ఎక్కువ జీతం లభించడంతో ఉపాధ్యాయులు బడులను, విద్యార్థులు కళాశాలలను విడిచి ఆ ఉద్యోగాల్లో చేరారు. మరోవైపు దినకూలి తగ్గి, నిత్యావసరాల ధరలు పెరిగి, పేద కుటుంబాలకు పిల్లల చదువు బరువైంది. ఒకే పరిణామం చదువుకున్నవారికి అవకాశమై, వారు విడిచిన తరగతి గదిలోని పిల్లలకు నష్టమైంది.

ముగింపు

2025లో నిధుల కొరత కారణంగా, యునిసెఫ్ సహాయంతో నడిచే అభ్యసన కేంద్రాల్లో వెయ్యిమందికి పైగా స్థానిక ఉపాధ్యాయులు ఉద్యోగాలు కోల్పోయారు. సహాయం వచ్చినప్పుడు గ్రామపు బడి ఉపాధ్యాయుణ్ణి కోల్పోయింది. సహాయం తగ్గినప్పుడు ఉపాధ్యాయుడు జీవనోపాధిని కోల్పోయాడు. కాబట్టి శిబిరపు విద్యకు నిధులు కేటాయించేటప్పుడే చుట్టుపక్కల బడుల్లో ఖాళీ అయ్యే ఉపాధ్యాయ స్థానాల భర్తీకి కూడా ఏర్పాటు జరగాలి. ఆ ఏర్పాటు లేనిచోట, శరణార్థులకు ఆశ్రయమిచ్చిన ఖర్చులో ఒక భాగాన్ని స్థానిక బాలలే తమ చదువుతో చెల్లిస్తారు.