స్ఫోర్జా వంశము: పుట్టుక, ప్రతిష్ఠ

రాజవంశములు తమ మూలపురుషుని దేవతలకో పురాణవీరులకో ముడివెట్టుట లోకమున సామాన్యము. ఇటలీలో మిలాను నగరము నేలిన స్ఫోర్జావారి కథ ఇందుకు భిన్నమైనది. రొమాన్యా సీమయందలి కొటిన్యోలావాసి ముత్సియో అట్టెందోలో (1369–1424) పొలమున నుండగా సైనికు లాతనిని పిలిచిరట. అతడు తన గొడ్డలిని చెట్టుపైకి విసరి, అది క్రింద పడనిచో సైన్యమున జేరుదుననెనట, గొడ్డలి పడలేదట. కాని అట్టెందోలోలు ఆ సీమలో కలిమిగల కుటుంబమువారే యగుటచే ఈ కృషీవలుని గాథ విశ్వాసపాత్రము కాదు. ‘స్ఫోర్జా’ యనునది అతని దేహబలమును బట్టి వచ్చిన బిరుదు, అదియే వంశనామమైనది.

ముత్సియో కుమారుడు ఫ్రాంచెస్కో (1401–1466) వివాహబంధమునకు వెలుపల జన్మించినవాడు. 1441లో అతడు పెండ్లాడిన బియాంకా మారియాయు మిలాను ప్రభువగు ఫిలిప్పో మారియా విస్కోంతికి అట్టి సంతానమే. 1447లో విస్కోంతి పురుషసంతతి లేక మరణింపగా పౌరులు గణతంత్రమును స్థాపించిరి. ఫ్రాంచెస్కో మొదట దానికి సేనాని, పిదప శత్రువు. 1450లో అతని ముట్టడిచే ఆకలికి లోనైన నగరము లొంగిపోయెను.

బలముచే రాజ్యము వచ్చినను హక్కు రాలేదు. చక్రవర్తి మూడవ ఫ్రెడరిక్ అతనిని డ్యూకుగా నంగీకరింపలేదు. ఫ్రాంచెస్కో కుమారుడు లుడొవీకో (1452–1508), ‘కడపటి విందు’ చిత్రమును లియొనార్డోచే వ్రాయించిన ప్రభువు, ఈ కొరతను తీర్పనెంచెను. తన యన్నకూతురును, 4 లక్షల డుకాట్ల కట్నముతో, చక్రవర్తి మాక్సిమిలియనున కిచ్చి 1494లో అధికారపత్రము సంపాదించెను. అదియు రక్షింపలేదు. 1499లో ఫ్రెంచిరాజు పండ్రెండవ లూయి, తన పితామహి వాలెంతీనా విస్కోంతి ధర్మసంతానమను హక్కుతో దండెత్తెను. మరుసటి యేట లుడొవీకో బందీయై, తుదకు ఫ్రాన్సుననే కన్నుమూసెను. 1535లో రెండవ ఫ్రాంచెస్కో నిస్సంతుగా మరణించుటతో మిలానున నీ వంశపాలన ముగిసెను.

అయినను వంశకీర్తి ఆడుబిడ్డలవలన నిలిచెను. ఫొర్లీ దుర్గమున చేజరె బోర్జియా నెదిర్చిన కతెరీనా (1463–1509) మనుమడు మొదటి కోసిమో 1569లో టస్కనీకి మొదటి మహాడ్యూకయ్యెను. బోనా (1494–1557) 1518లో పోలెండు రాణియయ్యెను.

ఖడ్గమునకు లభించిన సింహాసనమును పత్రములు నిలుపజాలకపోయినవి. గొడ్డలి కథ నిజము కాకున్నను అందొక సత్యము గలదు: ఈ వంశమునకు మూలధనము పూర్వుల పేరు కాదు, సాహసము.