బెజవాడ ఎండలో బాల్టిక్ కుక్క

విజయవాడ సత్యనారాయణపురం వీథులలో ఏ ఇంటి గేటో చప్పుడు కాగానే, లోపలినుండి తెల్లని దూదిబంతి వంటి జంతువొకటి దూసుకువచ్చి, తన ఆకారానికి పదింతల గొంతుతో మొరుగుతుంది. ఇంటివారు దానిని 'పామేరియన్' అంటారు. ఆ పేరులో కొంత నిజమున్నది. కుక్కలో అంతకంటె తక్కువ.

పొమెరేనియా బాల్టిక్ సముద్రపు దక్షిణ తీరం. నేడు అందులో కొంత పోలండులోను, కొంత జర్మనీలోను ఉన్నది. చలి ప్రదేశం. అక్కడి కుక్కలు 'స్పిట్జ్' వర్గానికి చెందినవి. జర్మను భాషలో ఈ మాటకు కొనతేరినది అని అర్థం. కొనతేరిన ముట్టె, నిక్కిన చెవులు, వీపు మీదికి వంగిన తోక ఈ వర్గపు లక్షణాలు. వీటి పని కాపలా. కృష్ణా కాలువలలో ఒకప్పుడు సరుకు పడవలు తిరిగినట్లే హాలెండు కాలువలలోను తిరిగేవి; వాటి మీద కాపలా కాసిన కీస్‌హాండ్ కుక్క కూడ స్పిట్జే. కొత్త అలికిడికి మొరగడమే దాని ఉద్యోగం. కుక్కరు ఈలకూ, కొరియరు కుర్రవానికీ ఒకే తీరుగా ఎగిరిపడే ఇంటి కుక్కను విసుక్కొనేవారు దాని వంశచరిత్రను కొంచెం తలచుకోవాలి.

1761లో మూడవ జార్జి రాజును పెండ్లాడిన షార్లెట్, పొమెరేనియాకు పొరుగు రాజ్యమైన మెక్లెన్‌బర్గ్ ఆడపడుచు. ఇంగ్లండు రాజభవనంలో ఈ కుక్కలు అడుగుపెట్టింది ఆమె వలననే. 1777 ప్రాంతంలో గెయిన్స్‌బరో చిత్రించిన తల్లినీ పిల్లనూ చూస్తే, అప్పటి పొమెరేనియన్ ఒడిలో ఇమిడేది కాదని తెలుస్తుంది. 1888లో విక్టోరియా రాణి ఫ్లారెన్సు నుండి మార్కో అనే కుక్కను తెచ్చుకొన్నది. దాని బరువు 12 పౌనులు, అంటే సుమారు ఐదున్నర కిలోలు. రాణిగారి ముచ్చట లోకపు ముచ్చట అయినది. చిన్నవాటిని చిన్నవాటితోనే జతపరుస్తూ పోగా, ఈ జాతి నేడు రెండు మూడు కిలోలకు దిగింది.

అయితే పొట్టితనాన్ని మనిషే సృష్టించాడనుకోరాదు. శరీర పరిమాణాన్ని నియమించే ఐ.జి.ఎఫ్.-1 జన్యువు దగ్గర ఉండే 'చిన్న' రూపం, ఏబది వేల ఏండ్లకు పూర్వం సైబీరియాలో తిరిగిన తోడేలులోనే ఉన్నట్లు 2022లో ప్రకటితమైనది. మనిషి చేసినది సృష్టి కాదు, ఎంపిక.

ఇంగ్లీషువారి వెంట స్పిట్జ్ కుక్కలు మన దేశం చేరినవి. తరతరాలుగా ఇక్కడి వేడికి కొంత అలవాటుపడి, 'ఇండియన్ స్పిట్జ్' అనే వేరు జాతిగా నిలిచినవి. మన ఇండ్లలో 'పామేరియన్' పేరున పెరిగినవి చాలవరకు ఇవే. 1994 నాటి హిందీ చిత్రం 'హమ్ ఆప్కే హై కౌన్', దాని తెలుగు రూపం 'ప్రేమాలయం' చూసినవారికి టఫీ అనే ఈ కుక్క గుర్తుండే ఉంటుంది.

ఇక జుట్టు సంగతి. వెంట్రుక కొంత పెరిగిన తరువాత 'ఇక చాలు' అని సంకేతమిచ్చే జన్యువు ఎఫ్.జి.ఎఫ్.-5. అందులో మార్పు వచ్చిన కుక్కలకు ఆ సంకేతం సరిగా అందదు. జుట్టు పొడవుగా పెరుగుతుంది. స్పిట్జ్ జుట్టు రెండు పొరలు: పైన బిరుసు వెంట్రుకలు, అడుగున మెత్తని నూగు. ఈ నూగులో చిక్కుకొన్న గాలి ఉష్ణాన్ని సులభంగా పోనివ్వదు, రానివ్వదు. వేసవి రాగానే జాలిపడి కుక్కకు గుండు కొట్టించడం బెజవాడలో తరచుగా జరిగే పొరపాటు. ఎండ నేరుగా చర్మానికి తగులుతుంది. పైగా ఈ జాతి కుక్కలలో కొన్నింటికి జుట్టు నెలల తరబడి రాదు, ఒక్కొక్కప్పుడు ఎన్నటికీ సరిగా రాదు. చేయవలసినది కత్తిరింపు కాదు, దువ్వెన. రాలిన నూగును దువ్వి తీసివేస్తే గాలి ఆడుతుంది.

కుక్కకు మనవలె ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల అడుగున మాత్రమే కొద్దిగా పడుతుంది. నాలుక చాచి వగర్చి, నోటి తడి ఆవిరి కావడం వలన అది చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువైతే ఆవిరి కావడం మందగిస్తుంది. కృష్ణా డెల్టా వేసవిలో వేడితోపాటు ఉక్క కూడ ఉంటుంది కనుక, అదే వేడిగల పొడి ప్రదేశంలో కంటె ఇక్కడ కుక్కకు అపాయం హెచ్చు. రేకుల కప్పు క్రింద, డాబా మీద కట్టివేసిన కుక్క ఒక్క మధ్యాహ్నంలో చనిపోవచ్చు. దాని సహజోష్ణం సుమారు 38.5 డిగ్రీలు, 41 దాటితే ప్రాణగండం. వెంటనే నీడకు చేర్చి, ఒంటిని చన్నీళ్ళతో తడిపి, ఫ్యాను క్రింద ఉంచి, ఆ పిమ్మట ఆలస్యం లేకుండా పశువైద్యుని వద్దకు తీసుకొనిపోవాలి. గన్నవరంలో 1998 నుండి పశువైద్య కళాశాల ఉన్నది.

మెడపట్టీ కంటె ఛాతీపట్టీ మేలు. చిన్న కుక్కల శ్వాసనాళం సున్నితం. పెరుగన్నం పెట్టేవారు, అందులో కూర కలిపేటప్పుడు ఉల్లిపాయ లేకుండా చూడాలి. ఉల్లి కుక్కల ఎర్రరక్తకణాలను చెడగొడుతుంది. గేటు దాటని కుక్కకు రేబిస్ టీకా ఎందుకని అడిగేవారున్నారు. వీథి కుక్క గేటు కడ్డీల మధ్యనుండి ముట్టె దూర్చగలదు.