సైలేజీ ట్రాలీ వెనక డోరు

తరిగిన పచ్చిమేతను పొలం నుంచి పాతరకు చేర్చే ట్రాక్టరు ట్రాలీకి వెనకవైపు బిగించే ఇనుప తలుపు. విజయ డెయిరీ వంటి సంస్థలకు పాలుపోసే రైతులకు పాతరగడ్డి (సైలేజీ) వేసవిలో ఆదరువు. దానికోసం గింజ పాలుపట్టి గట్టిపడే దశలో మొక్కజొన్నను కోసి, రెండు మూడు సెంటీమీటర్ల ముక్కలు చేస్తారు. 10 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పున్న తొట్టిలో 4 అడుగుల ఎత్తున నింపితే బరువు సుమారు 2 టన్నులు.

ఇటుకలు మోసే ట్రాలీకి బందులు అడుగున ఉంటాయి, డోరు కిందికి వాలుతుంది. మేతకు ఆ పద్ధతి పనికిరాదు. వేలాడే తలుపు కుప్పలో ఇరుక్కుంటుంది. బందులు పైన, గొళ్ళేలు కింద పెడితే, గొళ్ళెం తీసి జాకీతో తొట్టిని లేపగానే సరుకే తలుపును తోసుకుని జారుతుంది. ఒత్తిడి అడుగునే ఎక్కువ కాబట్టి అక్కడ రేకు వెనక అడ్డంగా ఛానెల్ వెల్డింగు చేయాలి. సందులకు రబ్బరు పట్టీ వేయకపోతే దారంతా మేత రాలుతుంది.

మాగిన సైలేజీని కూడా ఇదే ట్రాలీలో తెస్తే, అది ఆమ్లగుణం కలది, పీహెచ్ 4 దరిదాపుల్లో ఉంటుంది. వెల్డింగు అతుకుల్లో రసం నిలిస్తే తుప్పు అక్కడే మొదలవుతుంది. కడగడం, ప్రైమర్ పూయడం తప్పవు.

గొళ్ళెం లివరును తప్పనిసరిగా ట్రాలీ పక్కకు తేవాలి. తీసే మనిషి డోరు వెనక నిలబడకూడదు.