మూత కింద ఉన్న హైదరాబాద్

బ్రిటన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియంలో మొదటి ప్రపంచ యుద్ధం నాటి బాంబర్ ఒకటి ఉంది. డీహెచ్-9ఏ రకం, నంబరు ఎఫ్1010. హైదరాబాద్ నిజాం బహూకరించినదని దాని ఒంటి మీద ఇంగ్లీషులో రాసి ఉంటుంది. పక్కనే ‘హైదరాబాద్ నంబర్ 12ఏ’ అన్న గుర్తు. 1918లో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన సొమ్ముతో 110వ స్క్వాడ్రన్‌కు ఈ రకం విమానాలు సమకూరాయి. అప్పటి నుంచి దానికి హైదరాబాద్ స్క్వాడ్రన్ అన్న పేరు నిలిచిపోయింది. ఎఫ్1010 ఆ ఏడాదే అక్టోబరు 5న జర్మన్లకు చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో కొన్నేళ్లుండి, రెండో యుద్ధం తర్వాత పోలండ్‌లోని క్రాకోలో తేలింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాన్ని బదులుగా ఇచ్చి బ్రిటన్ దాన్ని తిరిగి తెచ్చుకుంది.

రెండో యుద్ధంలోనూ ఇదే కథ. నిజాం పేరుతో 152వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు నడిపింది, 253వ స్క్వాడ్రన్ హరికేన్లు నడిపింది. 152 చిహ్నంలో ఉండేది నిజాం తలపాగా. ఆ స్క్వాడ్రన్ తర్వాత బర్మా యుద్ధరంగానికి వచ్చినప్పుడు దాని స్పిట్‌ఫైర్ల పక్కల మీద దూకుతున్న నల్ల చిరుత బొమ్మ వేసుకుంది. ప్రపంచంలో విమాన నమూనాలు చేసే ఏ మోడలర్‌ను అడిగినా ఆ చిరుతను గుర్తుపడతాడు. ఆ స్క్వాడ్రన్ పేరులోని హైదరాబాద్ ఏ హైదరాబాదో, ఆ రాజ్యంలో ఏయే ఊళ్లు ఉండేవో అతనికి తెలియాల్సిన అవసరం లేదు. మనకు ఉంది.

నాది తాండూరు. బండల పాలిష్ మా ఇంటి వృత్తి. 1874లో వాడి జంక్షన్ నుంచి సికింద్రాబాద్‌కు వేసిన రైలు దారి మా ఊరి మీదుగానే, వికారాబాద్ మీదుగానే పోతుంది. 1956 దాకా తాండూరు గుల్బర్గా జిల్లాలో ఉండేది. వికారాబాద్‌కు ఆ పేరు పాయిగా అమీరు వికారుల్ ఉమ్రా నుంచి వచ్చింది. వికారాబాద్ జంక్షన్‌లో చీలిన రైలు దారి జహీరాబాద్ మీదుగా బీదర్‌కు పోతుంది. ఇప్పుడు బీదర్ కర్ణాటకలో ఉంది గాని, అప్పట్లో ఈ ఊళ్లన్నీ ఒకే రాజ్యం. ఎఫ్1010 మీద రాసిన హైదరాబాద్‌లో మా తాతల ఊరు కూడా ఉంది.

ఆ బీదర్‌లో 1960ల నుంచి వైమానిక దళం శిక్షణ స్థావరం నడుస్తోంది. 1996లో సూర్యకిరణ్ విన్యాసాల జట్టు పుట్టింది అక్కడే. తొమ్మిది కిరణ్ విమానాలు ఒకదాన్నొకటి ఆనుకున్నట్టు వరుస కట్టి తిరిగేవి. 2008లో హాక్ శిక్షణ విమానాలు కూడా అక్కడికే వచ్చాయి. మా గనుల్లో పని చేసేవాళ్లు చప్పుడును బట్టే విమానం ఎటు పోతోందో చెప్పేవారు. నాకు విమానాల పిచ్చి అట్లా పట్టుకుంది. చేతికి అందని దాన్ని చేత్తో చేసుకుందామన్న ఆలోచన, బండలు కోసే ఇంట్లో పుట్టిన పిల్లవాడికి వింతదేమీ కాదు.

చిన్న విమానాలు చేయడం అనే పనికి పెద్ద చరిత్రే ఉంది. 1932లో బ్రిటన్‌లో స్కైబర్డ్స్ అనే పేరుతో చెక్క కిట్లు వచ్చాయి. ఆరడుగులను ఒక అంగుళంగా కుదించిన కొలత వాటిది. 72లో ఒక వంతు అన్న స్కేలు అప్పుడే స్థిరపడింది. 1936లో ఫ్రాగ్ కంపెనీ పెంగ్విన్ పేరుతో ప్లాస్టిక్ కిట్లు తెచ్చింది. ఆ తర్వాత యుద్ధం వచ్చింది, ఆటగా ఉన్నది అవసరమైంది. ఆకాశంలో కనబడేది మనదా, శత్రువుదా అని క్షణంలో గుర్తుపట్టాలి. అందుకు నమూనాలు కావాలి. 1942లో అమెరికా నౌకాదళం బడిపిల్లలను ఐదు లక్షల నమూనాలు చేసిమ్మని అడిగింది. నల్లరంగు వేసిన ఆ చెక్క విమానాలను చూపించే సైనికులకు తర్ఫీదు ఇచ్చారు. రెక్క కోణం, తోక ఆకారం, ముక్కు పొడవు తేడా లేకుండా ఉండాలన్న పట్టుదలకు బలం వచ్చింది అక్కడే.

యుద్ధం తర్వాత ప్లాస్టిక్ చౌకైంది. 1953లో ఎయిర్‌ఫిక్స్ తన మొదటి స్పిట్‌ఫైర్ కిట్‌ను ఊల్‌వర్త్ దుకాణాల్లో రెండు షిల్లింగులకు అమ్మింది. పిల్లల జేబు ఖర్చుకు విమానం దొరికింది. 1970లో అదే కంపెనీ 24లో ఒక వంతు స్కేలులో పెద్ద స్పిట్‌ఫైర్ తెచ్చింది. అమెరికాలో రెవెల్, జపాన్‌లో టమియా 32లో ఒక వంతు స్కేలుకు ప్రాణం పోశాయి. 1989లో చెక్ దేశంలో మొదలైన ఎడ్వార్డ్ సంస్థ, యాసిడ్‌తో కొరికించిన సన్నటి ఇత్తడి రేకు భాగాలతో సీటు బెల్టులు, డయల్ పలకలు తయారుచేసి అమ్మింది. అప్పటి నుంచి విమానం ఆకారం ఒక్కటే చాలదు, దాని లోపలి సంగతులు కూడా చూపించాలన్న పట్టింపు పెరిగింది.

మన దగ్గర ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ కుర్రాళ్లు బాల్సా చెక్కతో ఏరోమోడలింగ్ చేసేవారు. ప్లాస్టిక్ కిట్ అనేది విదేశాల నుంచి వచ్చే బంధువుల సంచిలో తప్ప కనబడేది కాదు. నా మొదటి కిట్ దుబాయి నుంచి వచ్చింది. పెట్టె మీద బొమ్మ ఇంగ్లండ్‌ది, కథ ఇంగ్లండ్‌ది. దాన్ని అతికించి, రంగు వేసి, అల్మారాలో పెట్టాక ఒక ప్రశ్న పుట్టింది. మన ఆకాశంలో తిరిగిన విమానం సంగతేమిటి?

ఆ ప్రశ్నకు జవాబు మిగ్-21. 1963లో మొదటి మిగ్‌లు మన దేశానికి వచ్చాయి. చండీగఢ్‌లో 28వ స్క్వాడ్రన్ వాటితో మొదలైంది. తర్వాత మనమే తయారుచేసుకున్నాం. విమానం ఒళ్లు నాసిక్‌లో, ఇంజిన్ ఒడిశాలోని కోరాపుట్‌లో. ఎలక్ట్రానిక్ పరికరాల కోసం 1965లో హైదరాబాద్ బాలానగర్‌లో హెచ్‌ఏఎల్ కర్మాగారం పెట్టారు. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లోనే ఆఖరి మిగ్-21లకు వీడ్కోలు చెప్పారు. 62 ఏళ్ల కొలువు అది.

మా పెద్దబాపు ఆ బాలానగర్ కర్మాగారంలో పని చేసి రిటైరయ్యాడు. నేను మిగ్ కిట్ తెచ్చుకున్నానని విని ఇంటికొచ్చి, భాగాలున్న ప్లాస్టిక్ చట్రాలను ఒక్కొక్కటే వెలుగుకెత్తి చూశాడు.

“రేకు నాసిక్‌ది బిడ్డా, ఇంజిన్ కోరాపుట్‌ది. మేం చేసింది మూత పెట్టినంక ఎవ్వరికీ కనబడది. పైలట్‌కు మాత్రం వినబడతది,” అన్నాడు.

“ఆ మూత ఎక్కడుంటది పెద్దబాపూ?”

కాక్‌పిట్ అద్దానికి ముందు, ముక్కు పైభాగాన వేలు పెట్టి చూపించాడు. “ఈడ ఒక అర ఉంటది. డబ్బాలన్నీ ఆండ్లనే.”

ఆ మూత తెరవాలని అప్పుడే నిశ్చయించుకున్నాను. పెద్ద స్కేలు గొప్పతనం ఇక్కడే తెలుస్తుంది. 32లో ఒక వంతు అంటే అసలు విమానంలో 32 మిల్లీమీటర్లు మోడల్‌లో ఒక మిల్లీమీటరు. మిగ్ రెక్కల వెడల్పు 7.15 మీటర్లు, నా బల్ల మీద అది 22 సెంటీమీటర్లు. ఈ కొలతలో మూత కింది డబ్బాలు, వాటి మధ్య తీగలు కంటికి కనబడతాయి. కనబడేవాటిని వదిలేయడానికి సాకు ఉండదు.

కిట్‌లో ఆ మూత గీత మాత్రమే. గీత వెంట సూదిమొనతో ఒత్తిడి లేకుండా మళ్లీ మళ్లీ గీయాలి. బలం పెడితే మొన పక్కకు జారి ముక్కంతా గాటు పడుతుంది. ప్లాస్టిక్ తెల్లబడి, చివరికి మూత విడిగా వస్తుంది. కిట్ గోడ మందం అసలు విమానం లెక్కన చూస్తే పలక మందం, రేకు మందం కాదు. అందుకే అంచుల దగ్గర లోపలి నుంచి బ్లేడుతో గీకి, ఎదురు వెలుగు కనబడేంత పలచన చేయాలి. ఆ తర్వాత ప్లాస్టిక్ షీటు ముక్కలతో డబ్బాలు కట్టాలి. తీగలకు మా ఊరి మోటారు వైండింగ్ దుకాణం ఉంది. 40 గేజ్ రాగి తీగ మందం 0.12 మిల్లీమీటర్లు. దాన్ని 32తో గుణిస్తే దాదాపు 4 మిల్లీమీటర్లు, అంటే నిజం విమానంలో సన్నటి కేబుల్. లావు తీగల కట్టలకు 36 గేజ్ సరిపోతుంది. మా పాలిష్ మిషన్ల మోటార్లకు చుట్టే తీగే మిగ్ ముక్కులోకి వెళ్లింది.

రంగు దగ్గర చరిత్ర ఇంకా గట్టిగా నిలదీస్తుంది. మిగ్-21 అంటే ఒకే రకం విమానం కాదు. తొలి రకాల్లో కాక్‌పిట్ అద్దం ముందుకు తెరుచుకునేది, తర్వాతి రకాల్లో కుడివైపుకు. నేను ఎంచుకున్న ఎఫ్‌ఎల్ రకానికి లోపల తుపాకీ లేదు, కావాలంటే పొట్ట కింద విడిగా తగిలించాలి. ఈ ఎఫ్‌ఎల్‌లు వెండి రంగు లోహపు ఒంటితోనే వచ్చాయి. 1971 యుద్ధం ముంచుకొచ్చేసరికి ఎండలో మెరిసే విమానం శత్రువుకు దూరం నుంచే కనబడుతుందని, స్క్వాడ్రన్లు తమ దగ్గరున్న రంగులతో మరుగు పూతలు వేసుకున్నాయి. ఒక స్క్వాడ్రన్ పూత ఇంకోదాని పూతలా ఉండేది కాదు. ఆ డిసెంబరు 14న అసోం స్థావరాల నుంచి వెళ్లిన 28వ స్క్వాడ్రన్ మిగ్‌లు ఢాకాలోని గవర్నమెంట్ హౌస్ మీద రాకెట్లు ప్రయోగించాయి. రెండు రోజుల్లో యుద్ధం ముగిసింది. ఆ మిగ్‌ను చేయాలంటే ఆకుపచ్చ డబ్బా తెరవక ముందే ఏ స్క్వాడ్రన్, ఏ నెల అన్నది తేల్చుకోవాలి.

నేను వెండి మిగ్‌నే ఎంచుకున్నాను. కర్మాగారం నుంచి వచ్చినప్పుడు ఎలా ఉందో పెద్దబాపుకు చూపించాలన్నది నా కోరిక. లోహపు రంగు ఏ లోపాన్నీ దాచదు. బండ పాలిష్‌కు గరుకు రాయితో మొదలుపెట్టి నునుపు రాళ్లకు ఎలా పోతామో, ఇక్కడ కూడా వాటర్ పేపర్ 400 నుంచి 800, 1200, 2000కు తడి చేసుకుంటూ పోవాలి. మధ్యలో ఒక నంబరు ఎగ్గొడితే దాని గీతలు చివరిదాకా వెంట వస్తాయి. అతుకుల మీద ప్రైమర్ వేసి, ఏటవాలు వెలుగులో చూసి, మళ్లీ రుద్దాలి. దాని మీద మెరిసే నల్లరంగు, నల్లరంగు పూర్తిగా ఆరాక ఎయిర్ బ్రష్‌తో పలచని అల్యూమినియం పూతలు. నలుపు అద్దంలా మెరిస్తేనే పైన లోహం లోహంలా కనబడుతుంది. విమానం ఒళ్లంతా ఒకే వెండి కాదు. ఒక్కో రేకుకు ఒక్కో ఛాయ. వెనక ఇంజిన్ వేడికి కందిన చోట కాస్త గోధుమ, కాస్త నీలం. తర్వాత మూడు రంగుల వృత్తాలు, తోక మీద జెండా, ఆ పైన చిన్న చిన్న హెచ్చరిక రాతలు. ఈ అచ్చు కాగితాలను నీళ్లలో నానబెట్టి, భూతద్దం కింద ఒక్కొక్కటే జరుపుకుంటూ అతికించాలి.

పూర్తయ్యాక పెద్దబాపు వచ్చి రెక్కలను చూడలేదు, రంగునూ చూడలేదు. తెరిచిన మూతలోకి అద్దం పెట్టి చాలాసేపు చూశాడు. ఏ డబ్బా ఏమిటో మనవళ్లకు చెప్పుకొచ్చాడు. కొన్నేళ్లపాటు వాళ్లకు తాత చేసిన ఉద్యోగం ఒక పేరు మాత్రమే. ఆ రోజు అది చోటూ ఆకారమూ ఉన్న పనిగా మారింది.

వివరాలు కూర్చడం ఎందుకని నన్ను అడిగేవాళ్లకు నేను చెప్పేది ఇదే. యుద్ధ విమానం చరిత్ర అంటే పైలట్ల పేర్లు, కూల్చిన లెక్కలు అని పుస్తకాలు అలవాటు చేశాయి. వాటిని గౌరవిస్తూనే, ఆ విమానాన్ని తయారుచేసిన చేతులను కూడా లెక్కలోకి తేవాలి. 1918లో హైదరాబాద్ పేరు విమానం ఒంటి మీద అందరికీ కనబడేలా రాశారు, కాని ఆ విమానంలో మన చేతిపని లేదు. 1965 తర్వాత మన చేతిపని విమానం లోపల నిండింది, పేరు మాత్రం బయట లేదు. నాకు రెండోదే పెద్ద గౌరవంగా తోస్తుంది. దాన్ని కనబడేలా చేయడం మోడలర్ చేయగలిగిన పని.

ఇప్పుడు బీదర్ కిరణ్‌కు కాగితం మీద గీతలు గీస్తున్నాను. 1964 సెప్టెంబరు 4న మొదటిసారి ఎగిరిన విమానం అది. బెంగళూరులో మనవాళ్లే రూపకల్పన చేశారు. గురువు, శిష్యుడు పక్కపక్కన కూర్చునే విమానం. 32లో ఒక వంతు స్కేలులో పొడవూ రెక్కల వెడల్పూ రెండూ దాదాపు 33 సెంటీమీటర్లే. ప్లాస్టిక్ షీటు కోసి మొదటి నుంచీ చేతితో కట్టుకోవాలి. మా వీధి పిల్లలు ఇద్దరు వచ్చి చేరారు. వాళ్లకు కత్తెర ఇవ్వక ముందు ఒక పని అప్పజెప్పాను. ఏ విమానం, ఏ సంవత్సరం, ఏ స్థావరం, ఎవరు తయారుచేశారు అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు కనుక్కుని నోటు పుస్తకంలో రాసుకురమ్మన్నాను. ఆ నాలుగూ తెలిసిన తర్వాత వాళ్ల చేతిలోని ప్రతి భాగానికీ ఏ రంగు వేయాలో, ఏ మూత తెరవాలో వాళ్లే తేల్చుకోగలరు.