డాలే కత్తి అయితే: అమెరికా ఫుట్‌బాల్‌లో తలదెబ్బల తగవు



పొట్టేళ్ల పందెం చూసినవారు మీలో చాలామందే ఉంటారు. రెండు పొట్టేళ్లూ నాలుగడుగులు వెనక్కి వేసి, తలలు వంచి, పరుగున వచ్చి ఢీకొంటాయి. ప్రకృతి వాటికి అందుకు తగిన పుర్రెనూ, కొమ్ములనూ, మెడనూ ఇచ్చింది. మనిషికి ఇవ్వలేదు. ఆ లోటు తీర్చుకోవడానికి మనిషి ఒక టోపీ తయారుచేసుకుని, దాన్ని నమ్ముకుని తలతో ఢీకొట్టడం మొదలుపెడితే ఏమవుతుంది? అమెరికా ఫుట్‌బాల్ చరిత్రలో దీనికి జవాబు ఉంది. ఈనాటి ప్రసంగం దాని గురించే.

ముందుగా ఒక మాట. ఫుట్‌బాల్ అనగానే మనకు గుర్తుకొచ్చేది కాలితో గుండ్రటి బంతిని తన్నే ఆట. అమెరికాలో ఆ పేరుతో ఆడేది వేరు. అక్కడి బంతి కోడిగుడ్డు ఆకారంలో ఉంటుంది. దాన్ని చేత్తో పట్టుకుని పరుగెత్తుతారు, ముందుకు విసురుతారు. ఎదుటి జట్టువారు ఆ బంతి పట్టుకున్న మనిషిని కింద పడేస్తారు. కింద పడేయడం ఆటలో భాగమే, తప్పు కాదు. ఎలా పడేయాలన్నదే తగవు. భుజంతో గుద్దితే సరే. తలకున్న హెల్మెట్‌తో ఎదుటివాడి హెల్మెట్‌ను ఢీకొంటే? అమెరికాలో ఫుట్‌బాల్ సీజన్ వస్తే ప్రతి వారమూ ఇంటింటా నడిచే వాదం ఇది. మన ఇళ్ల నుంచి వెళ్లి అక్కడ స్థిరపడిన కుటుంబాల పిల్లలు కూడా ఆ బడుల్లోనే చదువుతున్నారు కనుక, ఈ వాదం మనకు మరీ పరాయిది కాదు.

1978 ఆగస్టు 12న కాలిఫోర్నియాలోని ఓక్లాండ్ నగరంలో ఒక మ్యాచ్ జరిగింది. సీజన్ మొదలు కావడానికి ముందు సాధన కోసం ఆడే మ్యాచ్ అది. గెలిచినా ఓడినా లెక్కలోకి రాదు. న్యూ ఇంగ్లండ్ జట్టు ఆటగాడు డారిల్ స్టింగ్లీ, తనవైపు విసిరిన బంతిని అందుకోవడానికి చేతులు చాచి ముందుకు ఉరికాడు. బంతి అందలేదు. ఎదురుగా వచ్చిన ఓక్లాండ్ ఆటగాడు జాక్ టేటమ్ అతన్ని బలంగా గుద్దాడు. స్టింగ్లీ మెడ ఎముకలు విరిగాయి. అప్పటికి అతని వయసు 26 ఏళ్లు. ఆ తరువాత 2007లో చనిపోయేవరకూ అతని జీవితం చక్రాల కుర్చీలోనే గడిచింది.

అప్పుడు మైదానంలో ఉన్న అధికారులు ఏమి శిక్ష వేశారు? ఏమీ వేయలేదు. తప్పు జరిగిందని సూచించే పసుపు గుడ్డ కూడా ఎవరూ విసరలేదు. లీగ్ తరువాతనైనా టేటమ్‌ను దండించలేదు. కారణం ఒక్కటే. అప్పటి నియమాల ప్రకారం ఆ దెబ్బ న్యాయమైన దెబ్బ. ఒక మనిషి జీవితాంతం మంచాన పడ్డాడు, అయినా పుస్తకం ప్రకారం తప్పు జరగలేదు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజం ఎలా అయ్యాయో తెలియాలంటే మనం కాస్త వెనక్కి వెళ్లాలి.

మొదట్లో ఈ ఆటలో హెల్మెట్ లేదు. 1893లో అమెరికా సైనిక, నౌకా విద్యాసంస్థల జట్ల మధ్య పోటీ జరగబోతోంది. నౌకాదళ విద్యార్థి జోసెఫ్ రీవ్స్‌కు అంతకుముందే తలకు దెబ్బలు తగిలాయి. ఇంకొక్క దెబ్బ తగిలితే ప్రమాదమని వైద్యుడు హెచ్చరించాడు. అతను ఆట మానలేదు. చెప్పులు కుట్టే అతని దగ్గరకు వెళ్లి తలకు టోపీ ఒకటి కుట్టించుకుని దిగాడు. హెల్మెట్ చరిత్రను చాలామంది అక్కడి నుంచే మొదలుపెడతారు. ఆ రీవ్స్ తరువాతి కాలంలో అమెరికా నౌకాదళంలో అడ్మిరల్ అయ్యాడు.

అప్పటి ఆట మోటుగా ఉండేది. అందరూ గుంపుగా ఒకరిమీద ఒకరు పడేవారు. 1905 సీజన్ ఒక్కదానిలోనే దాదాపు 20 మంది ప్రాణాలు పోయాయి. అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ ఆ ఏడాది అక్టోబరులో హార్వర్డ్, యేల్, ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయాల ప్రతినిధులను తన భవనానికి పిలిపించి ఆటను సరిదిద్దుకోమన్నాడు. మరుసటి సంవత్సరం నియమాలు మారాయి. బంతిని ముందుకు విసరడానికి మొదటిసారి అనుమతి దొరికింది. గుంపుగా పడటం తగ్గించి, ఆటను మైదానమంతా పరచాలన్నది ఉద్దేశం.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. ప్రాణాలు కాపాడటానికి తెచ్చిన ఆ మార్పే మరొక ప్రమాదానికి దారి తీసింది. బంతి గాలిలో ఉంటే దాన్ని అందుకునేవాడి కళ్లు పైనే ఉంటాయి. తనమీదికి ఎవరు వస్తున్నారో అతనికి కనిపించదు. ఒళ్లు బిగబట్టుకునే వ్యవధి ఉండదు. 1978లో స్టింగ్లీ ఉన్న స్థితి అదే.

హెల్మెట్ కూడా మారుతూ వచ్చింది. తోలు టోపీల కాలం పోయి, 1939లో రిడెల్ కంపెనీ ప్లాస్టిక్ హెల్మెట్ తయారుచేసింది. ఆ సంవత్సరమే కళాశాలల ఆటలో హెల్మెట్ తప్పనిసరి అయింది. వృత్తి ఆటగాళ్ల నేషనల్ ఫుట్‌బాల్ లీగ్‌లో 1943లో తప్పనిసరి అయింది. 1950లలో ముఖానికి అడ్డంగా కమ్మీ వచ్చింది. పళ్లు రాలడం, ముక్కులు పగలడం తగ్గాయి. పుర్రె పగలడమూ తగ్గింది. డాలు తన పని తాను చేసింది.

అయితే డాలు దొరికినవాడికి ధైర్యం కూడా దొరుకుతుంది. తోలు టోపీ పెట్టుకున్నవాడు తల పక్కకు తిప్పుకుని భుజంతో గుద్దేవాడు. గట్టి హెల్మెట్, దాని ముందు కమ్మీ ఉన్నవాడు తలనే ముందుకు తోశాడు. కొందరు శిక్షకులు అలాగే నేర్పారు కూడా. బల్లెంలా తలతో పొడవడానికి స్పియరింగ్ అని పేరే పడింది. 1968లో ఆ దేశంలో ఈ ఆటలో తగిలిన దెబ్బల వల్ల నేరుగా చనిపోయినవారు 36 మంది. అంతమంది ఇంకే సంవత్సరంలోనూ పోలేదు.

ఫిలడెల్ఫియాకు చెందిన ఎముకల వైద్యుడు జోసెఫ్ టార్గ్, మెడ విరిగిన ఆటగాళ్ల వివరాలను దేశమంతటి నుంచి సేకరించాడు. అతను తేల్చిన సంగతి తేలికగానే అర్థమవుతుంది. మన మెడలో సహజంగా ఒక వంపు ఉంటుంది. ఆ వంపు స్ప్రింగులా దెబ్బను తనలో ఇముడ్చుకుంటుంది. తల కొంచెం కిందికి వంచితే ఆ వంపు పోయి మెడ ఎముకలు నిట్రాడులా నిటారుగా నిలుస్తాయి. అప్పుడు నడినెత్తిమీద దెబ్బ తగిలితే ఆ బలమంతా ఎముకల మీదికే దిగుతుంది. తలకు హెల్మెట్ ఉంది, కానీ మెడకు లేదు.

1976లో బడులు, కళాశాలల నియమాలు రెండూ మారాయి. ఎదుటివాణ్ణి ముందుగా తలతో తాకడం నిషేధించారు. ఫలితం చూడండి. టార్గ్ లెక్కల ప్రకారం, బడులు, కళాశాలల ఆటగాళ్లలో కాళ్లూ చేతులూ పడిపోయినవారు 1976లో 34 మంది. మరుసటి ఏడాదికే ఆ సంఖ్య 18కి దిగింది. 1984 నాటికి అయిదుకు చేరింది. కొత్త హెల్మెట్ ఏదీ ఈ పని చేయలేదు. కాగితంమీద రాసిన ఒక వాక్యమూ, దాన్ని అమలు చేసిన శిక్షకులూ చేశారు.

ఇక అసలు తగవు సంగతికి వద్దాం. ఒక దెబ్బ న్యాయమా, అన్యాయమా అని వాదించేవారు సాధారణంగా మూడు ప్రశ్నలు వేస్తారు. కొట్టినవాడి ఉద్దేశం ఏమిటి? దెబ్బ ఎక్కడ తగిలింది? దెబ్బ తిన్నవాడు ఆ క్షణంలో ఏ స్థితిలో ఉన్నాడు? పూర్వం మొదటి ప్రశ్నకే ప్రాధాన్యం. కావాలని చేశాడా, లేదా? మనసులోని మాట ఎవరికి తెలుస్తుంది? అందుకే శిక్షలు అరుదు. 1990ల మధ్య నుంచి లీగ్ మూడో ప్రశ్నకు బరువు పెంచుతూ వచ్చింది. బంతిని అందుకుంటూ తనను కాపాడుకోలేని స్థితిలో ఉన్న ఆటగాడి తలను తాకితే తప్పే, ఉద్దేశంతో పని లేదు. క్రికెట్‌లో నోబాల్ ఉంది కదా, అలాంటిదే. బౌలర్ కావాలని గీత దాటాడా అని అంపైర్ అడగడు. గీత దాటాడా లేదా అనే చూస్తాడు.

చిక్కు ఎక్కడంటే, గీత నేలమీద కదలకుండా ఉంటుంది, తల ఉండదు. 2010 అక్టోబరు 17న పిట్స్‌బర్గ్, క్లీవ్‌లాండ్ జట్ల మ్యాచ్‌లో జేమ్స్ హారిసన్ అనే ఆటగాడు ఇద్దరిని తలమీద గుద్దాడు. ఇద్దరూ ఆట విడిచి వెళ్లవలసి వచ్చింది. అధికారులు రెండింటిలో దేనికీ పసుపు గుడ్డ వేయలేదు. రెండు రోజుల తరువాత లీగ్ ఒక దెబ్బకు 75 వేల డాలర్ల జరిమానా వేసింది. రెండోదాన్ని న్యాయమేనని వదిలేసింది. ఎందుకు? ఒకడు బంతిని అందుకుంటున్నాడు, రెండోవాడు బంతి పట్టుకుని పరుగెడుతున్నాడు. పరుగెత్తేవాడికి ఎదుటివాడు కనిపిస్తాడు, తనను కాచుకోగలడు అన్నది నియమం వెనుక ఉన్న ఆలోచన. దెబ్బ తిన్న మెదడుకు ఆ తేడా తెలుస్తుందా అని అడిగినవాళ్లూ ఉన్నారు. ఈ నియమాలతో ఆట ఎలా ఆడాలని హారిసన్ ఆట మానేసే ఆలోచన కూడా చేశాడు.

కొట్టేవారి పక్షాన చెప్పవలసిన న్యాయమూ ఉంది. గురి ఛాతీమీద పెట్టి దూకినా, ఎదుటివాడు చివరి క్షణంలో వంగితే అతని తలే ఎదురవుతుంది. తలను తప్పించాలని కిందికి గురిపెడితే మోకాళ్లు పోతాయి. 2013లో మయామి ఆటగాడు డస్టిన్ కెల్లర్ మోకాలు అలాగే చితికింది. కొట్టిన ఆటగాడు, తలదెబ్బల నియమానికి భయపడే కిందికి వెళ్లానని చెప్పాడు. ఆ తరువాత కెల్లర్ లీగ్‌లో మళ్లీ ఆడలేదు.

ఆ 2013లోనే కళాశాలల ఆటలో శిక్ష మరింత కఠినమైంది. టార్గెటింగ్ అనే ఈ తప్పు చేసినవాడి జట్టుకు 15 గజాలు నష్టం, అతను మైదానం విడిచి వెళ్లాలి. అయితే అధికారులు వీడియో చూసి నిర్ణయాన్ని సరిచేయవచ్చు. మొదటి ఏడాది ఒక వింత జరిగింది. తప్పు లేదని వీడియోలో తేలితే ఆటగాణ్ణి వెనక్కి రానిచ్చేవారు గానీ, 15 గజాల శిక్ష మాత్రం అలాగే ఉండేది. నిర్దోషి అని చెప్పి జరిమానా వసూలు చేసినట్టన్నమాట. 2014లో దాన్ని సవరించారు.

చూడవలసిన దెబ్బను అధికారులు చూడకపోతే ఏమవుతుందో 2019 జనవరి 20న న్యూ ఆర్లియన్స్‌లో తెలిసింది. ఆ మ్యాచ్‌లో గెలిచినవారు ఫైనల్‌కు వెళతారు. ఆట చివర్లో న్యూ ఆర్లియన్స్ ఆటగాడికి బంతి అందకముందే లాస్ ఏంజెలెస్ ఆటగాడు వచ్చి గుద్దాడు. అది రెండు విధాలా తప్పు. బంతి రాకముందే తాకాడు, హెల్మెట్‌తో తాకాడు. గుడ్డ పడలేదు. అదనపు సమయంలో లాస్ ఏంజెలెస్ 26–23తో గెలిచింది. తలదెబ్బకు తరువాత 26 వేల డాలర్లకు పైగా జరిమానా పడింది. మ్యాచ్ మాత్రం తిరిగి రాలేదు.

ఇంతకాలమూ అందరూ దెబ్బ తిన్నవాడి గురించే ఆలోచించారు. 2017 డిసెంబరులో పిట్స్‌బర్గ్ ఆటగాడు రయన్ షేజియర్ తల వంచి ఒకణ్ణి గుద్దాడు. గుద్దినవాడే కాళ్లు కదపలేక పడిపోయాడు. వెన్నుపూసకు శస్త్రచికిత్స జరిగింది. మళ్లీ నడవడం నేర్చుకున్నాడు గానీ ఆటకు తిరిగి రాలేదు. మరుసటి వసంతంలో, అంటే 2018లో, లీగ్ కొత్త నియమం చేసింది. తల వంచి హెల్మెట్‌తో ఎవరు ఎవరిని ఎక్కడ తాకినా తప్పే. టార్గ్ 1970లలో చెప్పిన మాట వృత్తి ఆటకు పూర్తిగా చేరడానికి నలభై ఏళ్లు పట్టింది.

ఈలోగా మరొక నిజం బయటపడింది. 2002లో మైక్ వెబ్‌స్టర్ అనే పేరుపొందిన ఆటగాడు మతి చెదిరిన స్థితిలో చనిపోయాడు. నైజీరియాలో పుట్టి అమెరికాలో పనిచేస్తున్న వైద్యుడు బెన్నెట్ ఒమాలు అతని మెదడును పరీక్షించి, పదేపదే తగిలిన దెబ్బల వల్ల మెదడు క్షీణించే జబ్బును గుర్తించాడు. హెల్మెట్ పుర్రెను కాపాడుతుంది. పుర్రె లోపల కదిలే మెదడును అది ఆపలేదు. నియమానికి లోబడిన దెబ్బయినా, విరుద్ధమైన దెబ్బయినా మెదడుకు ఒకటే.

శ్రోతలారా, స్టింగ్లీని కొట్టిన దెబ్బ న్యాయమా అని 1978లో అడిగితే న్యాయమేనన్నారు. అలాంటి దెబ్బే ఇవాళ పడితే పసుపు గుడ్డా పడుతుంది, జరిమానా కూడా పడుతుంది. ఆటగాళ్ల ఎముకలు మారలేదు, పుస్తకం మారింది. అది మారిన ప్రతిసారీ ముందు ఎవరో ఒకరు పడిపోయారు. 1906లోనూ అంతే, 1976లోనూ అంతే, 2018లోనూ అంతే. అందుకే దెబ్బ నియమానికి లోబడి ఉందా అన్న ప్రశ్నతో పాటు, ఆ నియమం మనిషికి సరిపోతుందా అన్న ప్రశ్న కూడా అడగాలి. మొదటిదానికి జవాబు అధికారి చెబుతాడు. రెండోదానికి జవాబు వెతకవలసింది ఆట నడిపేవారూ, ఆట నేర్పేవారూ, బిడ్డలను మైదానానికి పంపే తల్లిదండ్రులూను. 34 మంది అయిదుగురికి తగ్గారంటే, ఆ ప్రశ్న సకాలంలో అడిగితే ఎంత మేలు జరుగుతుందో తెలుస్తూనే ఉంది.